పదింతల బాబాయి, ఉప్పునీళ్ళ చేప

పదింతల బాబాయి ఏం చెప్పినా పదితో భాగించి వినాలి. ఇది ఎవరో ఎగతాళికి పుట్టించిన మాట కాదు. రిటైరైన లెక్కల మాస్టారు టీ కొట్టు బెంచీ మీద ఏడాదిపాటు కూర్చుని, విని, వెళ్ళి కొలిచి, నలుగురినీ అడిగి మరీ తేల్చిన లెక్క. పెరట్లో ఇరవై అడుగుల పాము దూరిందని బాబాయి అంటే మాస్టారు టేపు పట్టుకుని వెళ్ళారు. రెండడుగులుంది. ముప్ఫై మంది దొంగల్ని ఒంటిచేత్తో తరిమానంటే మాస్టారు ఆ వీధంతా విచారించారు. ముగ్గురేనట, వాళ్ళూ చందాకి వచ్చినవాళ్ళట. మూడొందల ఏళ్ళు నీళ్ళ ట్యాంకరు నడిపానని ఊపులో ఓసారి అనేశాడు. ఉద్యోగం కాగితాలు తీయిస్తే సరిగ్గా ముప్ఫై. దాంతో సూత్రం ఖాయమైపోయింది.

అప్పట్నుంచీ ఆయన నోట్లోంచి అంకె ఊడిపడగానే బెంచీ మీద అందరి బొటనవేళ్ళూ వాటంతటవే కదిలేవి. చివర సున్నా కొట్టేసి, మిగిలింది వినేవాళ్ళు. ఈ సంగతి బాబాయికీ తెలుసు. తెలిసీ ఆయన తగ్గలేదు, వాళ్ళూ భాగించడం మానలేదు. రెండు పక్కలా ఎవరికీ నష్టం లేకుండా రోజులు గడిచిపోతున్నాయి.

వీధంతటికీ ఆయన బాబాయే. ఇస్త్రీ కొట్టు నడిపే అతనికి మాత్రం మామయ్య, ఎందుకంటే అతని భార్యకి ఆయన సొంత బాబాయి, తండ్రి తమ్ముడు. ఇస్త్రీ కొట్టుకీ టీ కొట్టుకీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడకి ఒక కిటికీ, కిటికీ కింద బెంచీ. కిటికీ లోపల ఇస్త్రీ అతని భార్య మంచం. పది రోజుల కిందట ఉతికిన బట్టల బుట్టతో మెట్లు దిగుతూ పడిపోతే చీలమండ ఎముక విరిగింది. డాక్టరు మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, ఆరువారాలు కాలు కింద పెట్టకూడదన్నాడు. రోజూ ఇరవై ఇళ్ళు తిరిగి బట్టలు ఇచ్చొచ్చే మనిషి. ఇప్పుడు పైకప్పు చూస్తూ పడుకుంటోంది.

అది చూడలేక ఇస్త్రీ అతను ఒక పని చేశాడు. పాత ఖాతాదారు, పళ్ళ డాక్టరమ్మ, క్లినిక్కు ఎత్తేస్తూ తన గాజు ట్యాంకు ఊరికే ఇస్తానంటే మోసుకొచ్చి భార్య మంచం పక్కన పెట్టాడు. రోడ్డుకి అటుపక్క కొత్తగా చేపల షాపు తెరిచిన ఆవిణ్ణి అడిగి ఇసుక, సముద్రపు ఉప్పు, సముద్రంలోంచి తీసిన, చిల్లులు చిల్లులుగా ఉన్న రెండు రాళ్ళు తెచ్చాడు. చేప మాత్రం ఆవిడ ఇవ్వనంది. నీళ్ళూ ఉప్పూ కలిపితే సముద్రం అయిపోదని, ఆ రాళ్ళలో, ఇసుకలో కంటికి కనపడని జీవులు పెరగాలని, చేప వేసిన మురికిని అవే తింటాయని, అవి లేకుండా చేపని దించితే దాని మురికే దానికి విషమవుతుందని ఓపిగ్గా చెప్పింది. నెల పట్టొచ్చు, నెలన్నర పట్టొచ్చు, నీళ్ళు పరీక్ష చేసి చూశాకే చేప అంది. ఈలోగా నీళ్ళు తగ్గితే ఏం పోయాలో చీటీ మీద రాసి కూడా ఇచ్చింది.

ఇస్త్రీ అతను ఇంటికొచ్చి భార్యకి అదే చెప్పాడు. ఆవిడ సరేనంది. ఆ సరే అన్న తీరు అతనికి మింగుడుపడలేదు. నెలన్నర అయ్యేసరికి కట్టు విప్పేస్తారు, అప్పుడు చేప వచ్చి ఏం లాభమని రాత్రంతా మథనపడ్డాడు. పడ్డవాడు ఊరుకోక ఆ మాట మామయ్య దగ్గర అన్నాడు. అక్కడే పొరపాటు జరిగింది.

మర్నాడు పదిన్నరకి పదింతల బాబాయి టీ కొట్టుకి ఒట్టి చేతులతో రాలేదు. గాలి నింపి మూతి బిగించిన ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చి ఇస్త్రీ అతని ఒళ్ళో పెట్టాడు. అందులో బొటనవేలంత నారింజరంగు చేప, ఒంటి మీద మూడు తెల్లటి పట్టీలతో, అందరినీ ఎగాదిగా చూస్తోంది. ఎలా ఇచ్చిందావిడ అనడిగితే బాబాయి మీసం దువ్వుకుని, తన ఇంట్లో మూడు నెలలుగా నడుస్తున్న ట్యాంకు ఉందని చెప్పానన్నాడు. పాపం, ఆవిడ వీధికి కొత్త. సూత్రం తెలీదు. తెలిసున్నా లాభం లేకపోయేది, ఎందుకంటే బాబాయి ఇంట్లో ఉన్న ట్యాంకు డాబా మీదిది.

సంచీలో రెండు గంటలకి మించి ఉంచొద్దని ఆవిడ చెప్పి పంపిందట. పన్నెండున్నరకి షాపు తలుపులు మూసి భోజనానికి వెళ్ళిపోతుందట. అంటే ఆ లోపల చేప ట్యాంకులో అయినా పడాలి, వెనక్కయినా వెళ్ళాలి. ఇస్త్రీ అతను కిటికీ వంక చూశాడు. తెర వేసి ఉంది, భార్య నిద్రపోతున్నట్టుంది. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఈ చేప తిరుగుతూ కనిపిస్తే ఆమె మొహం ఎలా ఉంటుందో తలుచుకున్నాడు. తలుచుకున్నాక గొంతు తగ్గించి అడిగాడు.

"మామయ్యా, నీళ్ళు పోసి రెండు రోజులేగా అయింది. బతుకుతుందంటారా?"

బాబాయికి కావలసింది అదే. టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, కండువా భుజం మార్చాడు. కండువా భుజం మారిందంటే కథ పెద్దదేనని టీ కొట్టాయనకి తెలుసు. స్టవ్వు మంట తగ్గించాడు.

"అల్లుడూ, నీళ్ళ సంగతి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. నేనూ పెంచాను ఉప్పునీళ్ళ చేపని, నీకు తెలీదు. మొదట్లో నాదీ చిన్న ట్యాంకే, ఐదొందల లీటర్లు. పొద్దున కొన్నాను, మధ్యాహ్నం నీళ్ళు పోశాను, సాయంత్రం చేపని వదిలాను. ఆ షాపువాడెవడో నెల ఆగమన్నాడు. ఏమయ్యా, సముద్రంలోకి మొదటి చేప దిగినప్పుడు దాన్ని ఎవరైనా గట్టు మీద నెల్లాళ్ళు కూర్చోబెట్టారా అనడిగాను. వాడికి నోరు పెగల్లేదు."

బెంచీ మీద బొటనవేళ్ళు కదిలాయి. యాభై లీటర్లు. ఇస్త్రీ అతనికి మాత్రం ఆ వాదన బాగానే ఉన్నట్టనిపించింది. కావాలనుకున్న మాట ఎవరు చెప్పినా బాగానే ఉంటుంది.

ఉప్పు ఎంత వేశావని టీ కొట్టాయన అడిగాడు. కొలతలు చేతకానివాళ్ళకి అన్నాడు బాబాయి. తను గుప్పిళ్ళతో వేస్తూ పోయాడట, చేప అద్దం దగ్గరికొచ్చి తల కిందికీ పైకీ ఊపుతూ ఇంకా, ఇంకా అందట, సరిపోగానే తోక అడ్డంగా ఊపిందట. వారం తిరిగేసరికి ఈల వేస్తే పైకొచ్చేది. రెండో వారానికి బాబాయి ఈల వేయకపోతే అదే వేసేది.

"ఓ రోజు ఇంట్లో దొంగ పడ్డాడు. ఎంత పొడుగు మనిషనుకున్నారు, యాభై అడుగులుంటాడు. నేను గురకపెట్టి నిద్రపోతున్నాను. అప్పుడు నా చేప ఏం చేసిందో ఊహించండి చూద్దాం."

"పోలీసులకి ఫోను చేసింది" అన్నాడు టీ కొట్టాయన.

"దానికి చేతులేవి, నీ మొహం. పుక్కిలి పట్టి వాడి కంట్లో ఉప్పునీళ్ళు కొట్టింది. వాడు కళ్ళు నలుపుకుంటూ ఈ గోడకి ఆ గోడకి కొట్టుకుని, చివరికి నా కాళ్ళ మీద పడి, ఆ చేప నుంచి కాపాడు బాబూ అని ఏడ్చాడు. అంతకుముందు నాలుగిళ్ళలో కాజేసిన సామాను కూడా అక్కడే వదిలేసిపోయాడు."

ఎండ జరిగి బెంచీ అంచు దాకా వచ్చింది. ఇస్త్రీ అతను సంచీని నీడలోకి జరుపుకుని, రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. గోడ గడియారం పదకొండు దాటింది.

ఒక్క చేపే అయితే బాబాయి బాబాయి ఎందుకవుతాడు? దానికి తోడు కావాలని పళ్ళెమంత నీలం చేపని తెచ్చాడట. అలాంటివాటికి ఈదడానికి ఆరడుగుల ట్యాంకైనా ఉండాలని, చిన్నదాంట్లో పెడితే ఇలా కదిలి అలా వెనక్కి తిరగడంతోనే దాని బతుకు సరిపోతుందని ఎదురు షాపు ఆవిడ చెప్పిన సంగతి ఇస్త్రీ అతను గుర్తు చేశాడు. ఆ చేపతో తాను ముందే మాట్లాడుకున్నానన్నాడు బాబాయి. తల్లీ, ఇల్లు ఇరుకు, సర్దుకుపో అన్నాడట. అది సరేనని రాత్రిపూట నాలుగు మడతలు పెట్టుకుని పడుకునేదట, పొద్దున లేచి దులుపుకునేదట.

"మడత గీతలు పడలేదా మామయ్యా?"

"పడకేం. నువ్వు అప్పుడుంటే ఇస్త్రీకి ఇచ్చేవాణ్ణి."

అందరూ నవ్వారు. ఇస్త్రీ అతనూ నవ్వాడు. నవ్వాక కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఇంత మాట్లాడే మనిషి ఒక్క చేపనైనా పెంచే ఉంటాడు కదా, అందులో పదోవంతు నిజమైనా మన చేప బతుకుతుంది కదా అనుకున్నాడు. లేవబోయాడు కూడా. కానీ బాబాయి అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, అసలు కథ ఇంకా మొదలే కాలేదని.

ఆ తర్వాత ఎనభై చేతుల ఆక్టోపస్ వచ్చింది. లెక్కల మాస్టారు వేలు మడిచి, ఈ ఒక్కటీ మాత్రం కచ్చితంగా సరిపోయిందన్నారు. ఆ ఆక్టోపస్ పొద్దున్నే లేచి ఒక చేత్తో పాలు కాచి, ఒక చేత్తో పేపరు పట్టుకుని, ఒక చేత్తో బాబాయి వీపు రుద్ది, మిగతా చేతులు ఖాళీగా ఉన్నాయని ఇరుగుపొరుగు వాళ్ళ గిన్నెలు తోమేదట. పక్కింటావిడ దాన్ని తనకి ఇచ్చేయమని బతిమాలిందట. పెంచినదాన్ని ఇవ్వడానికి మనసు రాక కాదంటే మూడు నెలలు, అంటే తొమ్మిది రోజులు, ఆవిడ మాట్లాడలేదట.

"ఇక అక్కణ్ణుంచి వినండి. ఇన్ని జీవాలు చేరేసరికి నా ట్యాంకు తనే సముద్రమనుకోవడం మొదలెట్టింది. పౌర్ణమి వచ్చేసరికి పోటెత్తింది. హాల్లో అలలు. సోఫా తేలిపోయి వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ పోటు తగ్గాక అదే వెనక్కొచ్చింది, సరిగ్గా దాని చోట్లోనే, ఇటు ముఖం అటు కాకుండా. వీధిలోవాళ్ళు పిల్లల్ని తీసుకుని సాయంత్రం గాలి పీల్చుకోవడానికి మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. కిటికీ ఊచలు తుప్పు పట్టిపోయాయి, అది ఇప్పటికీ చూడొచ్చు, కావాలంటే మాస్టార్ని పంపండి."

తుప్పు తాను చూశానని, ఆ కిటికీకి రంగు వేయించక ఇరవయ్యేళ్ళయిందని మాస్టారు చెప్పారు. బాబాయి అటు వినలేదు.

"ఓ అర్ధరాత్రి బోయ్ మని ఒకటే మోత. లేచి చూస్తే హాల్లో ఓడ. నాలుగొందల అంతస్తులు. దారి తప్పి నా ట్యాంకులోంచి వచ్చేసింది. పైనుంచి కెప్టెను టోపీ తీసి, అయ్యా, రేవు ఎటు అన్నాడు. నేను చూశాను. ముందు గోడ, వెనక బీరువా. మామూలు వాడైతే ఇల్లు పడగొట్టుకోవాల్సిందే. నేను ట్యాంకరు నడిపినవాణ్ణి. వెనక్కి వెళ్ళి నిలబడి, రానీ, రానీ, లెఫ్టు కొట్టు, ఆపు, ఇంకొంచెం రానీ అని చేత్తో చూపిస్తూ మొత్తం ఓడని రివర్సు చేయించాను. బీరువాకి గీత కూడా పడలేదు. వెళ్తూ వెళ్తూ కెప్టెను ఏమన్నాడో తెలుసా?"

"బీరువా జరుపుకోమన్నాడు" అన్నాడు టీ కొట్టాయన.

"సముద్రం మొత్తం మీద నీళ్ళ మీద ఇంత పట్టున్న మనిషిని చూడలేదన్నాడు."

పన్నెండు కొట్టింది. ఇస్త్రీ అతని అరచేతుల్లో సంచీ చెమర్చింది. మంచం, నిద్ర లేచే భార్య మొహం, నారింజరంగు చేప, అన్నీ కళ్ళ ముందు సిద్ధంగా ఉన్నాయి. ఒక్క మాట, ఎవరైనా ఊ అంటే వెళ్ళి దించేసేలా ఉన్నాడు. అంతలో లెక్కల మాస్టారు, ఆయనకి అలవాటైన చిన్న సందేహం ఒకటి అడిగారు. అన్ని పోట్లూ అన్ని ఓడలూ వచ్చిపోతుంటే ట్యాంకులో నీళ్ళు తగ్గిపోవా అని.

"తగ్గేవి" అన్నాడు బాబాయి. "రోజూ తగ్గేవి. రోజూ పొద్దున్నే చెంబుతో ఉప్పునీళ్ళు కలుపుకుని తగ్గినంతా పోసేవాణ్ణి. మానలేదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చేతులు గాల్లోకి లేవలేదు. గొంతు కూడా లేవలేదు. ఇస్త్రీ అతని బొటనవేలు అలవాటుగా కదలబోయి ఆగిపోయింది, ఎందుకంటే అందులో అంకే లేదు. భాగించడానికి ఏమీ దొరకలేదు. ఇంతసేపటి కథలో అదొక్కటే నిజమని అతనికి అప్పుడే తట్టింది.

"మామయ్యా" అన్నాడు. "నీళ్ళు ఆరిపోతే ఉప్పు ఎక్కడికి పోతుంది?"

బాబాయి అతని వంక చూశాడు.

"ఎండలో పనిచేసేవాళ్ళ చొక్కాలు నా దగ్గరికి ఉతకడానికి వస్తాయి. వీపంతా చెమట ఆరి తెల్లగా అట్ట కట్టి ఉంటుంది. రెండు నీళ్ళు పెట్టనిదే వదలదు. నీళ్ళు పోతాయి మామయ్యా, ఉప్పు పోదు. తగ్గినచోట మంచినీళ్ళు పోయాలి. షాపు ఆవిడ చీటీ మీద రాసిచ్చింది కూడా అదే. మీరు పోసిన ఉప్పు మీదే మళ్ళీ ఉప్పు పోశారు."

"అంటే రోజుకి రోజూ పెరుగుతూ పోయిందన్నమాట" అన్నారు మాస్టారు.

"అంటే చేపని బతికుండగానే ఉప్పుచేప చేశావా బాబాయ్" అన్నాడు టీ కొట్టాయన. నవ్వబోయాడు గాని తోడు ఎవరూ రాలేదు.

మామూలుగా అయితే ఇలాంటి చోట బాబాయి ఎగిరి ఇంకో ఓడ ఎక్కేవాడు. ఈసారి టీ గ్లాసు తీసుకుని, అది ఖాళీ అని చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఇస్త్రీ అతను మెల్లగా అడిగాడు. "అది ఎన్నాళ్ళు బతికింది మామయ్యా?"

"నాలుగు రోజులు."

టీ కొట్టాయన బొటనవేలు కదిలింది. బాబాయి అది చూశాడు.

"భాగించకండి" అన్నాడు. "నాలుగే."

తర్వాత ఆయన చెప్పినదాంట్లో కోత లేదు. రిటైరైన మర్నాడు కొన్నాడట. ముప్ఫై ఏళ్ళు పొద్దున్నే లేచి బండి తీసిన మనిషికి ఆ పొద్దున ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదట. పలకరిస్తే ఆ చేప అద్దం దగ్గరికి వచ్చేదట, ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేదట. మూడో రోజుకి నీళ్ళపైకొచ్చి నోరు తెరుస్తూ ఉండిపోయింది. నాలుగో రోజు పొద్దున పక్కకి ఒరిగింది. ఉప్పు తక్కువైందేమోనని ఇంకో చెంబు కలిపి పోశాడు. ఆ చెంబు సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట. చెప్పాల్సి వస్తుందేమోనని పాముల గురించీ దొంగల గురించీ చెబుతూ వచ్చాడేమో, అది మాత్రం ఆయన అనలేదు.

ఇస్త్రీ అతనికి జాలి వేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది, దాచుకోలేదు.

"అంతా తెలిసీ దీన్ని తెచ్చారా? నాలుగో రోజు పొద్దున మంచం మీంచి లేవలేక, ఇది ఒరిగిపోతుంటే చూస్తూ పడుకోవలసింది మీ అమ్మాయి మామయ్యా."

అన్న కూతురు చిన్నప్పుడు తన ట్యాంకరులో ముందు సీటు మీద నిలబడి హారను కొట్టేదని, అలాంటిది అలా పడుకుని ఉంటే చూడలేకపోయానని బాబాయి అంటాడేమో అనుకున్నారు అందరూ. ఆయన కండువా తీసి చేతులు తుడుచుకున్నాడు. అల్లుడి ఒళ్ళోంచి సంచీ తీసుకున్నాడు. గడియారం చూశాడు. పన్నెండుంబావు.

"ఇచ్చొస్తాను" అని రోడ్డు మీదికి దిగాడు.

బెంచీ మీద ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. ఆ షాపు పాతిక అడుగుల దూరంలో ఉంది. నడి రోడ్డులో ఒక ఆటో హారను కొట్టుకుంటూ దూసుకొస్తే బాబాయి సంచీని గుండెకి హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆటో పోయాక మళ్ళీ నడిచాడు. అద్దాల తలుపు అవతల షాపు ఆవిడ కనిపించింది, ఆయన కనిపించాడు, మాటలు మాత్రం వినిపించలేదు. ఎప్పుడూ బారలు చాచే ఆయన చేతులు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. ఒకసారి రెండు వేళ్ళు చూపించాడు. ట్యాంకుకి రెండు రోజుల వయసని చెబుతున్నాడని ఇస్త్రీ అతనికి అర్థమైంది. ఆవిడ సంచీ లాక్కుని నడుం మీద చెయ్యి వేసుకుంది. అక్కణ్ణుంచి చాలాసేపు ఆవిడే మాట్లాడింది.

ఆయన తిరిగొచ్చేసరికి టీ కొట్టాయన అడక్కుండానే టీ పోసి ఉంచాడు. బాగా తిట్టిందా అని మాస్టారు అడిగారు.

"నాలుగొందల తిట్లు" అన్నాడు బాబాయి.

నలభై అనుకుని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంకెలు మళ్ళీ లేస్తున్నాయంటే మనిషి కోలుకుంటున్నట్టే.

చేపకి ఏమీ కాలేదట. అది సముద్రంలోంచి పట్టుకొచ్చింది కాదని, గుడ్డు నుంచి తన చేతుల్లో పెరిగిన పిల్ల అని, అందుకే ఆవిడకి అంత కోపం వచ్చిందని బాబాయి చెప్పాడు. ఇంకెవరికీ అమ్మనని, కాలు విరిగిన అమ్మాయి పేరు మీద వేరే ట్యాంకులో ఉంచుతానని అందట. వారానికోసారి తనే వచ్చి నీళ్ళు పరీక్ష చేస్తుందట. నీళ్ళు సరేనంటేనే చేప రోడ్డు దాటుతుంది. ఇంకో షరతు కూడా పెట్టింది. ఇకమీదట ఈయన ఏ అంకె చెప్పినా ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలట.

ఇస్త్రీ అతనికి గుండె మీంచి బరువు దిగింది. దిగిన వెంటనే ఇంకో బరువెక్కింది. భార్యకి ఏం చెప్పాలి? చేప గడప దాకా వచ్చి వెనక్కి పోయిందనా?

కిటికీ తెర పక్కకి జరిగింది. ఆవిడ మోచేతి మీద లేచి కూర్చుని ఉంది, జుట్టు దువ్వుకుని. నిద్రపోయిన మొహం కాదది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి. బాబాయ్, నువ్వూ రా. మాట్లాడకుండా రా."

ఇద్దరూ కిటికీ ఊచల్లోంచి లోపలికి వంగారు. ఆవిడ ట్యాంకు అద్దం మీద వేలు పెట్టి ఒక రాయి చూపించింది. మొదట ఏమీ కనపడలేదు. కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తే, రాతి చిల్లులోంచి దారప్పోగంత కాలు ఒకటి బయటికొచ్చింది. దాని వెనకే ఇంకోటి. తర్వాత చొక్కా గుండీ కంటే చిన్న నక్షత్రం ఒకటి మెల్లగా రాతి మీదికి పాకి, అయిదు కాళ్ళూ చాపుకుని నిలబడింది.

"నిన్న పొద్దున కనిపించింది" అంది ఆవిడ. "మనిషి కదిలితే లోపలికి పోతుంది. మీ నవ్వులకి ఇప్పటికి మూడుసార్లు పోయింది. పక్క రాతిలో ఇంకేదో ఉంది, విసనకర్రలా విప్పుతోంది, ముడుచుకుంటోంది. నాకు ఈ రెండు రాళ్ళు చూడ్డానికే రోజు చాలట్లేదు. చేపకి తొందరేముందండీ?"

ఇస్త్రీ అతనికి రెండు రోజుల కిందటి ఆ సరే గుర్తొచ్చింది. ఆవిడ నిజంగానే సరేనంది. తనే దాన్ని మడతపెట్టి ఇంకోలా చదువుకున్నాడు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి కదిపితే నక్షత్రం లోపలికి పోతుందని అలాగే నిలబడ్డాడు.

బాబాయి ఆ కాళ్ళు పెదవులు కదపకుండా లెక్కపెట్టాడు. అయిదు. మళ్ళీ లెక్కపెట్టాడు. అయిదే. ఆయన జీవితంలో ఒక అంకెని ఉన్నదున్నట్టు అంతసేపు నోట్లో ఉంచుకోవడం అదే మొదటిసారి. ఆపుకోలేక వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, కండువా భుజం మార్చాడు.

టీ కొట్టాయన స్టవ్వు మంట తగ్గించాడు.

"అదంతా సరేగాని, ఇందాక మీరు అసలు సంగతి చూళ్ళేదు. చేపని గుండెకి హత్తుకుని రోడ్డు మధ్యలో ఉన్నాను. అటునుంచి వచ్చిందయ్యా ఒక బండి. అలాంటిది నా సర్వీసులో చూళ్ళేదు. కొండలా ఉంది. ముప్ఫై చక్రాలు. నేను ఒంటిచేత్తో దాన్ని..."

లెక్కల మాస్టారు వేలు మడిచి, మూడు చక్రాలా అని ఆలోచనలో పడ్డారు.

"ఆటో" అంది కిటికీ.